మూతపడిన యొక పాఠశాల

మనుష్యులకు వలెనే పాఠశాలలకును జననము, బాల్యము, యౌవనము, వార్ధకము అను దశలు గలవు. కొన్నిటికి మరణమును గలదు. ఒక మనుష్యుడు గతించినప్పుడు వివేకులగువారు అతడెన్ని యేండ్లు జీవించెనని గాక, అతని జీవితమువలన నెవరికి మేలు గలిగెనని విచారింతురు. పాఠశాలల విషయమునను ఆ ప్రశ్నయే వేయవలసియున్నది. దాని కట్టడ మెంత గొప్పది, దానిలో జదివి ప్రసిద్ధి కెక్కినవా రెందఱు అను లెక్క తరువాతిది. దాని తలుపు లెవరికొఱకు తెఱవబడెను, ఎవరి ముందు మూయబడెను అనునదే మొదటి లెక్క. ఇంగ్లాండు దేశమునందలి లివర్‌పూలు నగరమున 1825లో మొలకెత్తి 1985లో మూతపడిన "లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్" అను బాలుర ఉన్నత పాఠశాల చరిత్రమును ఈ దృష్టితో పరిశీలింప దలచితిని. ఆ పాఠశాలను మూసివేయుట తగని పని యని నా యభిప్రాయము. ఐనను అది నిర్దోషమైన పాఠశాల యని నేను వాదింపను. ఈ రెండు మాటలును ఒకదానితో నొకటి యెట్లు పొసగునో చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పందొమ్మిదవ శతాబ్దారంభమున లివర్‌పూలు ఇంగ్లాండునందలి గొప్ప రేవుపట్టణములలో నొకటి. అంతకు బూర్వము దానికి సంపద చేకూర్చిన వ్యాపారములలో ఆఫ్రికా బానిసల వ్యాపారము ముఖ్యమైనది. 1807లో బ్రిటిషు పార్లమెంటు దానిని నిషేధించెను. 1999లో లివర్‌పూలు నగరసభ తన పూర్వులు చేసిన యా దుష్కార్యమునకు బహిరంగముగా క్షమాపణము చెప్పుకొనెను. బానిసల వ్యాపారము పోయిన పిమ్మట ఆ రేవునకు పత్తియే ప్రాణమయ్యెను. అమెరికానుండి యోడలపై వచ్చిన పత్తి యచట దిగి లంకాషైరు మిల్లులకు జేరుచుండెను. ఆ పత్తిని పండించినవారు నల్లజాతి బానిసలే యను మాటను కూడ మఱవరాదు. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ఆ పత్తి రాక నిలిచిపోయి, హిందూదేశపు పత్తికి గిరాకి మిక్కుటమయ్యెను. మన కాకినాడ రేవు పత్తి యెగుమతివలన వృద్ధిజెందినది ఆ సంవత్సరములయందే. కావున లివర్‌పూలు అను పేరు మన తాతముత్తాతలలో వర్తకముచేసినవారికి క్రొత్తది గాదు.

అట్టి నగరమున ఓడలు గట్టువారు, యంత్రములు నడపువారు, వడ్రంగులు, కమ్మరులు వేలకొలది యుండిరి. వారి చేతులకు పనియుండెను గాని వారి బిడ్డలకు చదువు లేదు. ఇంగ్లాండు నేడు విద్యలో మిన్నయని యెంచు మనము ఆ కాలపు స్థితిని తెలిసికొనవలయును. అప్పుడు ప్రభుత్వమువారి పాఠశాల యనునదే లేదు. పాఠశాలల నిర్మాణమునకు ప్రభుత్వము తొలిసారిగా ద్రవ్యసహాయము చేసినది 1833లో. దేశమంతట ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పుటకు శాసనము పుట్టినది 1870లో. బాలబాలికలందఱు బడికి బోవలసినదే యని నిర్బంధించినది 1880లో. కలవారి కుమారులు ప్రాచీనభాషలు జదువుకొనుచుండిరి. లేనివారి కుమారులు పదియేండ్లు నిండకమున్నే పనిలో బ్రవేశించుచుండిరి.

ఈ దురవస్థను జూచి కొందఱు సహృదయులు కార్మికవిద్యాశాలలను స్థాపింప బూనుకొనిరి. గ్లాస్గో నగరమున జార్జి బర్క్‌బెక్ అను ఆచార్యుడు చేతిపనివారికి ఉచితముగా శాస్త్రోపన్యాసము లిచ్చి దారి చూపెను. 1823లో లండను నగరమునను అట్టి సంస్థ యేర్పడెను. ఆ యుద్యమములోనిదే 1825లో లివర్‌పూలున బుట్టిన కార్మికవిద్యాశాల. కొంతకాలమునకు దానికి "మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్" అను పేరు స్థిరపడెను. పగలెల్ల పనిచేసి యలసినవారు రాత్రివేళ వచ్చి గణితము, చిత్రలేఖనము, యంత్రశాస్త్రము, రసాయనశాస్త్రము మున్నగునవి నేర్చుకొనుచుండిరి. సుత్తి పట్టిన చేతితో కలము పట్టుట యెంత కష్టమో, రాత్రిపాఠశాలలలో చదువు చెప్పిన యుపాధ్యాయు లెఱుగుదురు. ఐనను వారు వచ్చిరి. తమకు నేర్పినది తమ కుమారులకును నేర్పవలయునని కోరిరి. అందువలన పగటిబడి యేర్పడి, క్రమముగా రాత్రిబడిని మించి పెరిగెను. మౌంట్ వీథిలో గ్రీకుదేవాలయములను బోలు స్తంభములతో గూడిన పెద్ద కట్టడము లేచి 1837లో దాని ద్వారములు తెఱవబడెను. పనివారికొఱకు అట్టి మందిరమా యని ఆశ్చర్యపడవచ్చును. నా కది యుచితముగనే తోచుచున్నది. బీదవాని చదువునకు పూరిపాక చాలునను తలంపులోనే యొక యవమానము దాగియున్నది.

1844వ సంవత్సర మా సంస్థకు రెండు విధముల స్మరణీయమైనది. ఆ యేడు ఫిబ్రవరి 26వ తేదీని ప్రసిద్ధ నవలాకారుడగు చార్లెస్ డికెన్సు అచ్చటి సభకు అధ్యక్షత వహించెను. డికెన్సు పండ్రెండేండ్ల ప్రాయమున, తండ్రి అప్పులపాలై చెఱసాలలో నుండగా, బూట్ల నలుపు చేయు కార్ఖానాలో సీసాలకు కాగితము లంటించి పొట్టపోసికొన్నవాడు. ఆ సంగతి జరిగినది 1824లో. అనగా లివర్‌పూలు సంస్థ పుట్టుటకు ఒక్క యేడు ముందు. చదువు దొరకని బాలుని బాధ యెట్టిదో స్వయముగా నెఱిగిన మనుష్యు డట్టి సభలో నిలువబడుట ఎంత సముచితమో చెప్పనక్కరలేదు.

రెండవది బాలికల పాఠశాల. వీథి కావలిప్రక్కన "బ్లాక్‌బర్న్ హౌస్" అను భవనము గలదు. బానిస వ్యాపారముతో సంబంధముగల జాన్ బ్లాక్‌బర్న్ అను వర్తకుడు 1788 ప్రాంతమున దానిని తన నివాసమునకై కట్టించుకొనెను. పత్తి దళారియగు జార్జి హోల్టు పూనికతో ఆ యిల్లు సంస్థవశమై, 1844లో అందు బాలికల పాఠశాల తెఱవబడెను. ఇంగ్లాండులో బాలికల కున్నతవిద్య గఱపిన మొదటి పాఠశాలలలో నిది యొకటి. మనుష్యులను సరకుగా నమ్మిన ధనముతో సంబంధించిన యింట ఆడపిల్లలు పుస్తకములు చేతబట్టి కూర్చుండిరి. కట్టడములకు గూడ పశ్చాత్తాపము గలుగునేని అది యిట్లే యుండును.

ఇంతవఱకు మెచ్చుకొనదగిన కథయే. ఇక దోషముల జూతము. కార్మికవిద్యాశాల లన్నిటికి బట్టిన రోగము దీనికిని బట్టెను. రుసుము చెల్లింపగలవారే రాగలిగిరి. కూలివాని కుమారుని స్థానమున క్రమముగా గుమాస్తా కుమారుడును, దుకాణదారుని కుమారుడును వచ్చి కూర్చుండిరి. 1856లో సంస్థ తన పేరునుండి "మెకానిక్స్" అను మాటను తొలగించి "లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్" అని పిలుచుకొనెను. పేరులో నేమున్న దందురా? ఎవరికొఱకు పుట్టితిమో వారి పేరు ఫలకమునుండి తుడిచివేయుట చిన్న సంగతి గాదు. చాలకాలముగా లోపల జరుగుచున్న మార్పు ఆనాడు గుమ్మముమీద వ్రాయబడినది. అంతే.

ఐనను ఆ పాఠశాల యొక ముద్రావాక్యమును గ్రహించి దానిని విడువక నిలుపుకొనెను. రోమక పండితుడగు సిసిరో పలుకుల ననుసరించిన లాటిను వాక్య మది: "నాన్ నోబిస్ సోలుమ్, సెడ్ టోటి ముండో నాటి." మనము మనకొఱకు మాత్రమే గాక సమస్తలోకముకొఱకు జన్మించితిమని దాని భావము. ప్రతి పాఠశాలయు టోపీమీదను బొత్తాముమీదను ఏదో యొక వాక్యము వ్రాసికొనును. దానిని నిజము చేయుట వేఱు సంగతి. ఈ పాఠశాల యెంతవఱకు నిజము చేసెనో చూడవలసియున్నది.

1902లో వచ్చిన విద్యాశాసనమువలన నగరసభలకు ఉన్నతపాఠశాలలు నడపు నధికారము గలిగెను. 1905లో ఇన్‌స్టిట్యూటు పాలకులు తమ పాఠశాలలను లివర్‌పూలు నగరసభ చేతిలో బెట్టిరి. 1944లో వచ్చిన విద్యాశాసనము ప్రభుత్వ పోషితములగు ఉన్నతపాఠశాలలలో రుసుమును రద్దుచేసెను. దీని ఫలమేమో యూహింపుడు. నూఱేండ్లకు బూర్వము స్థాపకులు కన్న కల యప్పుడు నిజమయ్యెను. పదునొకండేండ్ల వయసున బెట్టు పరీక్షలో దేఱిన బాలుడు బస్సు నడపువాని కుమారుడైనను, రేవుకూలి కుమారుడైనను పైసా యియ్యక ఆ స్తంభముల మంటపము గుండ లోనికి బోగలిగెను.

అట్లు పోయినవారిలో నిద్దఱు లోకప్రసిద్ధులైరి. పాల్ మెకార్ట్నీ తండ్రి పత్తి వర్తకుల కొలువున అమ్మకపు గుమాస్తా. తల్లి ప్రసవవైద్యమున శిక్షణపొందిన నర్సు. జార్జి హారిసన్ తండ్రి బస్సు నడపువాడు. మొదటివాడు 1953లోను, రెండవవాడు 1954లోను ఆ పాఠశాలలో జేరిరి. ఒకే బస్సులో బడికి బోవుచు స్నేహితులైరి. ఒకప్పుడు ఈ సంస్థలోని భాగమేయైన చిత్రకళాశాల ప్రక్కనే యుండెను. 1957లో జాన్ లెనన్ అను యువకు డందు జేరెను. ఈ మువ్వురును రింగో స్టార్ అను మఱియొకనితో గూడి "బీటిల్సు" అను పేరున పాడిన పాటలు లోకమంతట వినబడినవి.

ఇచ్చట నొక చమత్కారము గలదు. ఆ యిద్దఱు బాలురలో సంగీతము గలదని ఆ పాఠశాల కనిపెట్టలేదు. సంగీతపు తరగతిలో ఉపాధ్యాయుడు గ్రామఫోను పలక నొకటి పెట్టి బయటకు బోవుచుండెనని మెకార్ట్నీ పెద్దవాడైన పిమ్మట చెప్పియున్నాడు. హారిసనునకు బడియన్నను, బడి దుస్తులన్నను విసుగు. అతడు 1959లో ఏ యోగ్యతాపత్రమును లేకయే బడి విడిచి, ఒక పెద్ద దుకాణమున విద్యుద్దీపముల పని నేర్చుకొనుటకు జేరెను. దీపముక్రింద చీకటి యను మన సామెత కింతకన్న నుదాహరణము దొరకదు. ఐనను చీకటియే గలదని చెప్పుట అన్యాయము. ఆలన్ డర్బాండ్ అను ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చాసరు, షేక్స్పియరుల కావ్యములయందు మెకార్ట్నీకి రుచి పుట్టించెను. ఆ ఋణమును శిష్యు డెన్నడు మఱువలేదు. ఆ డర్బాండే 1964లో లివర్‌పూలున "ఎవ్రిమన్" అను నాటకశాల స్థాపకులలో నొకడయ్యెను. హారిసన్ తరువాత మన పండిత రవిశంకరుని యొద్ద సితారు నభ్యసించెను. 1971 ఆగస్టు 1వ తేదీని వారిరువురు కలిసి న్యూయార్కు నగరమున బంగ్లాదేశ శరణార్థుల సహాయార్థము కచేరీలు జరిపిరి. బడిలోని పాఠము లతని కంటకపోయినను, లోకముకొఱకు జన్మించితిమను నా వాక్య మతని కేదోవిధముగా నంటినట్లే యున్నది.

వీరిని మాత్రమే చెప్పిన నన్యాయమగును. చార్లెస్ బార్క్లా యను విద్యార్థి ఎక్స్ కిరణములను గూర్చి పరిశోధనలు చేసి 1917వ సంవత్సరపు నోబెలు బహుమానము నందెను. ఒక్కొక్క మూలధాతువు తనకే ప్రత్యేకమగు ఎక్స్ కిరణములను వెలువరించునని ఆయన కనిపెట్టెను. వార్తాప్రసారములలో పేరుగన్న పీటర్ సిసన్స్, హాస్యనటుడు ఆర్థర్ ఆస్కీ కూడ ఆ పాఠశాలలో జదివినవారే.

ప్రఖ్యాతుల పేర్లు చదివి సంతోషించుట మన పాఠశాలలందును గల యలవాటు. కాని యీ లెక్క నన్ను తృప్తిపఱుపదు. వేలకొలది బాలురలో పదుగురు ప్రసిద్ధులగుట పాఠశాలకు సహజముగా గలిగిన భాగ్యము. తక్కిన వేలమంది యేమైరి? వారు రేవు కచేరీలలో లెక్కలు వ్రాసిరి, ఓడలలో నింజనీర్లుగా బోయిరి, బడులలో పాఠములు చెప్పిరి, వైద్యశాలలలో రోగుల జూచిరి. తండ్రులకు దొరకని చదువు తమకు దొరకుటవలన ఇంటిలోనికి పుస్తకములు తెచ్చుకొనిరి. వారి పేర్లు ఫలకములమీద లేవు. ఒక పాఠశాల విలువను చెప్పవలసినవారు వారే.

మఱి లోపలికి రానివారి మాట యేమి? ఈ ప్రశ్న వేయకున్న నా వాద మసంపూర్ణము. పదునొకండేండ్ల పరీక్షలో నెగ్గినవారు కొలదిమంది, నెగ్గనివా రనేకులు. నెగ్గనివారిని వేఱు పాఠశాలలకు పంపుచుండిరి. అందు సామాన్యముగా చదువు పదునైదవ యేటితో ముగియుచుండెను; విశ్వవిద్యాలయపు మార్గము వారి కించుమించుగా మూయబడియుండెను. ఒక యుదయమున రెండు మూడు గంటలు వ్రాసిన పరీక్ష యొక బాలుని జీవితము నంతయు నిర్ణయించుట న్యాయమా? ఒకే తల్లిబిడ్డలలో నన్న స్తంభముల మంటపమునకు, తమ్ముడు మఱియొక బడికి బోయినప్పుడు ఆ యింటి తల్లి మనస్సెట్లుండును? బుద్ధి కొందఱికి పదేండ్లకే వికసించును. కొందఱికి పదునాలుగేండ్లకు వికసించును. చెట్లన్నియు నొకే నెలలో కాయవు. కాయలేదని మామిడిని ఫాల్గునమున నఱికినవాడు జ్యేష్ఠమున నేమి తినును? కావుననే 1965లో నచ్చటి ప్రభుత్వము ఈ విభజనను మాని, అందఱిని జేర్చుకొను ఉమ్మడి పాఠశాలల నేర్పఱుపుడని స్థానికసంస్థలను గోరెను. ఆ కోరిక మూలమున న్యాయమైనదే యని నేను నమ్ముచున్నాను.

ఇంతలో నగరమే మాఱిపోయెను. ఓడల వ్యాపారము క్షీణించెను. పత్తి బేరము లడుగంటెను. 1931లో ఎనిమిది లక్షలకు పైబడియున్న లివర్‌పూలు జనసంఖ్య 1981 నాటికి సుమారు అయిదు లక్షలకు దిగెను. బాలుర సంఖ్య తగ్గెను, పాఠశాలలు వెలితిపడెను. పాతకట్టడమునకు మరమ్మతు ఖర్చు పెరిగెను. 1983లో లేబరు పక్షమువారు నగరసభలో నధికారము వహించి, నగరమందలి ఉన్నతపాఠశాలల నన్నిటిని క్రొత్తగా నేర్పఱుప దలపెట్టిరి. ఆ యేర్పాటులో ఇన్‌స్టిట్యూటునకు చోటు లేకపోయెను. 1985లో పాఠశాల మూతపడెను. మఱుసటి యేడు బ్లాక్‌బర్న్ హౌసులోని బాలికల పాఠశాలయు మూతపడెను. ఆనాటి నగరసభలో ఉపనాయకుడై పేరుమోసిన డెరెక్ హాటన్ ఇన్‌స్టిట్యూటులో జదివినవాడే యనుట ఈ కథలోని విషాదము.

మూసినవారి వాదమును పూర్వపక్షముగా జెప్పుదును. పిల్లలు తగ్గినప్పుడు బడులు తగ్గవలసినదే. కొందఱికి మాత్రమే యుపయోగించు పాఠశాలకై పన్నులు చెల్లించు వారందఱు ఖర్చు భరింపనేల? పాతకీర్తిని జూచి బిడ్డల భవిష్యత్తును నిర్ణయింపరాదు. ఇవి త్రోసివేయదగిన మాటలు గావు. ఐనను నా సమాధాన మిది. దోష మున్నది తలుపులో, ఇంటిలో గాదు. తలుపు ఇఱుకైనప్పుడు దానిని వెడల్పు చేయవలయును. ఎలుకలు చేరినవని యింటికి నిప్పు పెట్టుకొన్నవాని కథ మన మెఱుగుదుము. ఆ కట్టడమును, ఆ యుపాధ్యాయులను, ఆ గ్రంథాలయమును, నూఱ్ఱేబదియేండ్ల యలవాట్లను ఉంచి, పరీక్షను మాత్రము తీసివేసి, నగరపు నడిబొడ్డున నున్న యా బడిని చుట్టుప్రక్కల పేదపేటల బాలబాలికల కందఱికి దెఱచియుండిన నెంత చక్కగా నుండును! పుట్టినప్పుడు అది పనివారి కొఱకే గదా పుట్టినది. నూఱ్ఱేబదియేండ్లు దారితప్పి తిరిగినవాడు ఇంటిగుమ్మము చేరునప్పటికి గుమ్మమే తీసివేసినట్లయ్యెను.

పాఠశాల యనగా గోడలు గావు, బల్లలును గావు. ఒక తరము నేర్చిన దానిని తరువాతి తరమున కందించు నలవాటే పాఠశాల. దానిని కట్టుటకు మూడు తరములు పట్టును. మూయుటకు ఒక్క తీర్మానము చాలును. మూసిన పిమ్మట తెఱచుట సులభమని తలచువారు చెఱువుగట్టు తెగగొట్టి వాన రానిమ్మనువారివంటి వారు. నీరు వచ్చును, నిలువదు.

తరువాతి కథ మన వాదమును బలపఱుచుచున్నది. మూతపడిన కట్టడము కొన్నియేండ్లు పాడువడియుండెను. తన బాల్యమునాటి బడి యట్లు శిథిలమగుట జూచి మెకార్ట్నీ మిగుల నొచ్చుకొనెను. 1991లో లివర్‌పూలు ప్రధాన దేవాలయమున ఆయనయు కార్ల్ డేవిసును గలిసి కూర్చిన యొక గొప్ప గానప్రబంధము పాడబడినప్పుడు, పాఠశాలయొక్క యా లాటిను వాక్యమును అందు వినబడెను. మూతపడిన బడి టోపీమీది యక్షరములు దేవాలయమున బాటయై లేచెను. పిమ్మట మెకార్ట్నీయు, మార్క్ ఫెదర్‌స్టన్-విట్టీ యను విద్యావేత్తయు గలిసి ద్రవ్యము సేకరించి, ముందరి స్తంభముల మంటపమును నిలిపి, వెనుక క్రొత్త కట్టడము గట్టి, 1996లో అచ్చట ప్రదర్శనకళల విద్యాలయమును నెలకొల్పిరి. సంగీతము గుర్తింపని బడి స్థానమున సంగీతము నేర్పు విద్యాలయము వెలసెను. బ్లాక్‌బర్న్ హౌసు స్త్రీలకు సాంకేతికవిద్య గఱపు కేంద్రమయ్యెను.

ఇది సంతోషింపదగినదే. కాని పోయినది తిరిగివచ్చెనని చెప్పరాదు. కళావిద్యాలయమునకు నానాదేశములనుండి యువతీయువకులు వత్తురు. ఆ వీథిలోని పదునొకండేండ్ల బాలునికొఱకు కాదది. ఒక పూర్వవిద్యార్థి ధనవంతుడగుటవలన గోడలు నిలిచినవి. అట్టి యదృష్టము ప్రతి పాఠశాలకు బట్టదు. పాఠశాలను నిలుపుట కోటీశ్వరుల దయపై వదలదగిన పని గాదు. దానిలో జదివిన సామాన్యు లందఱును కలిసి మోయవలసిన పల్లకి యది.

ఇక ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి?

తలిదండ్రులారా, మీ బిడ్డ చదువు బడిలో ప్రసిద్ధు లెందఱు చదివిరని విచారించుటకు ముందు, మీ పొరుగింటి పేదవాని బిడ్డకు అందు చోటు గలదా యని విచారింపుడు. మీ బిడ్డకు చోటు దొరకి వానికి దొరకనిచో, ఆ బడిపై మీకు గల ప్రేమను వాడు పంచుకొనడు. ఒకనాడు దానిని మూయుదురని తెలిసినప్పుడు వాడు కన్నీరు పెట్టడు. ఇన్‌స్టిట్యూటునకు కడపట గలిగిన కష్టములో నిది కొంత గలదని నా నమ్మకము.

ఉపాధ్యాయులారా, వెనుకబల్లపై కూర్చుండి కిటికీవంక జూచు బాలునియందు మీ పాఠ్యపుస్తకమున లేని ప్రతిభ యుండవచ్చును. గ్రామఫోను పలక నొకటి పెట్టి బయటకు బోయిన దినమున ఆ గదిలో నెవరు కూర్చుండిరో ఆ యుపాధ్యాయునకు దెలియదు. మనకును దెలియదు. కావున గదిలోనుండి పోకుండుటయే మేలు.

విద్యార్థి మిత్రులారా, మీరు నేడు కూర్చున్న బల్లను మీరు చేయలేదు. మీకు ముందు చదివినవారి తలిదండ్రులు కూడబెట్టిన కాసులును, పేరులేని దాతల దానములును, ఉపాధ్యాయుల యోపికయు జేరి యది యేర్పడినది. ఏరు దాటి తెప్ప తగులబెట్టువారు లోకమున గలరు. తెప్పను మరల నావలియొడ్డునకు ద్రోసి, అచ్చట వేచియున్నవారికొఱకు పంపువారును గలరు. మీరు పెద్దవారై నగరసభలలోను, కచేరీలలోను, అధికారస్థానములలోను కూర్చుండునప్పుడు ఒక పాఠశాల యొక్క మంచిచెడ్డలు మీ కలముక్రిందికి రావచ్చును. ఆనాడు అందలి తప్పును దిద్దుడు. తలుపును వెడల్పు చేయుడు. కాని తాళమును మాత్రము తొందరపడి చేతబట్టకుడు.

లివర్‌పూలు పాఠశాల మూతపడినది. దాని ముద్రావాక్యము మాత్రము మూతపడలేదు. అది యే దేశపు విద్యార్థి కైనను చెల్లును. మనకొఱకు మాత్రమే మనము చదువుకొనుట లేదు.